గడ్డం గీసే కత్తి ఎంత వెడల్పు ఉండాలి?

స్ట్రెయిట్ రేజర్ కొనుక్కుందామని కూర్చున్న మనిషిని మొదట తికమక పెట్టేది ఒక భిన్నం. 5/8, 6/8, 7/8 అని రాసి ఉంటుంది. పిడి దేనితో చేశారో తెలుస్తుంది, ఉక్కు సంగతి తెలుస్తుంది, ధర తెలుస్తుంది. ఈ భిన్నం మాత్రం తెగదు. ఆఖరికి ఫొటోలో ఏది దిట్టంగా కనబడితే దాన్ని తెప్పించుకుంటారు. నేనూ అలాగే తెప్పించుకున్నాను. 7/8 కత్తి, పాతది, బరువైనది. బుగ్గల మీద చక్కగా నడిచింది. మీసం దగ్గరికి వచ్చేసరికి ఆ వెడల్పాటి రేకు మీసాన్ని మొత్తం కప్పేసేది. గీత ఎక్కడుందో కనపడక అంచనా మీద గీయాల్సి వచ్చేది. కత్తిలో లోపం లేదు. అది నా ముఖానికి సరిపడే కత్తి కాదు, అంతే. కొనే ముందు పావుగంట కూర్చుని చూసుకుని ఉంటే ఆ సంగతి ముందే తెలిసేది. ఆ పావుగంటలో ఏం చేయాలో ఇక్కడ చెబుతాను.

ఏ కత్తి గురించి మాట్లాడుతున్నామో ముందే అనుకుందాం. ఇప్పుడు సెలూన్లలో వాడేది హోల్డరు. బ్లేడును రెండుగా విరిచి, సగం ముక్క అందులో పెట్టి, ఒకరికి వాడాక పారేస్తారు. ఒకరి రోగం ఇంకొకరికి అంటకుండా అది మంచి పద్ధతి. కానీ అందులో బయటికి కనిపించే బ్లేడు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి వెడల్పు ఎంచుకునే ప్రశ్నే రాదు. మనం చూస్తున్నది పూర్వం మంగలి పొదిలో ఉండిన మడత కత్తి. సాన మీద నూరి, తోలుపట్టీ మీద రాసి, ఏళ్ల తరబడి వాడుకునేది.

అంగుళాన్ని రూపాయి అనుకోండి

వెడల్పు అంటే కత్తి వెన్ను నుంచి వాదర దాకా, అంటే మొద్దు అంచు నుంచి పదునైన అంచు దాకా ఉన్న దూరం. చాలామంది దీన్ని పొడవుతో కలిపేస్తారు. పొడవు దాదాపు అన్ని కత్తులకూ మూడంగుళాలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, దాని గురించి ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. ఇంగ్లండులో షెఫీల్డ్ కత్తికీ, జర్మనీలో సోలింగెన్ కత్తికీ, ఫ్రాన్స్‌లో తియేర్ కత్తికీ ఇదే లెక్క. మిల్లీమీటర్ల దేశాల్లో తయారైనా ఈ కొలత మాత్రం మారలేదు.

ఒక ఎనిమిదో వంతు 3.175 మి.మీ. ఆ లెక్కన 4/8 అంటే 12.7 మి.మీ., 5/8 అంటే 15.9, 6/8 అంటే 19, 7/8 అంటే 22.2, 8/8 అంటే నిండు అంగుళం, 25.4. అణాల లెక్క తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ఇది ఇంకా సులువు. అంగుళం రూపాయి అయితే ఎనిమిదో వంతు బేడ. 5/8 పదణాలు, 6/8 ముప్పావలా, 7/8 పద్నాలుగణాలు. పాత కత్తుల్లో 11/16 అని రాసినది కనిపిస్తే కంగారుపడకండి, అది పదకొండణాల కత్తి. పదికీ పన్నెండుకీ నడుమ.

శుభలేఖ అట్టతో అద్దం ముందుకు వెళ్లండి

ఇంట్లో పాత పెళ్లి శుభలేఖ ఉంటుంది కదా, మందపాటి అట్టది ఒకటి తీయండి. 75 మి.మీ. పొడవున మూడు ముక్కలు కత్తిరించండి. ఒకటి 16 మి.మీ. వెడల్పు, ఒకటి 19, ఒకటి 22. ఒక్కో ముక్కకు పొడుగు అంచు ఒకదాని వెంట పెన్సిలుతో గీత పెట్టండి. అది వాదర. గీత లేని అంచు వెన్ను. ఒక కొసకు ఐస్‌క్రీం పుల్ల అంటిస్తే పిడి అయిపోతుంది. ఇదేం పిల్లల ఆట అనుకోకండి. వేలు పోసి తెప్పించుకున్న కత్తి నాకు మూడు నెలల్లో నేర్పినదాన్ని ఈ అట్టముక్కలు ఒక్క పూటలో చెబుతాయి.

గడ్డం గీసేటప్పుడు కత్తి చర్మానికి ఇంచుమించు 30 డిగ్రీల వాలులో ఉండాలి. వాదర చర్మాన్ని తాకుతుంటే, వెన్ను రెండు వెన్నుల మందమంత ఎత్తున లేచి ఉంటుంది. అట్టముక్కను అలా పట్టుకుని నాలుగు చోట్ల చూడండి.

మొదటిది ముక్కు కింద. మీసం పెంచనివాళ్లకు అసలు పరీక్ష ఇక్కడే. పై నుంచి కిందికి గీయాలంటే వాదర పెదవి వైపు, వెన్ను ముక్కు వైపు ఉంటాయి. వాదరను ముక్కు మొదట్లోకి తీసుకెళ్దామంటే వెన్ను వెళ్లి ముక్కు కొనకు తగులుతుంది. ఎడమచేతి వేలితో ముక్కును పైకెత్తితే కొంత చోటు దొరుకుతుంది. 16 ముక్కకు ఎంత చోటు మిగిలింది, 22 ముక్కకు ఎంత మిగిలింది, అద్దంలో చూడండి. ముక్కుకీ పై పెదవికీ మధ్య దూరం తక్కువగా ఉన్నవాళ్లకు 22 ముక్క అసలు పట్టదు.

రెండోది మీసం అంచు. మనలో చాలామందికి మీసం ఉంటుంది కాబట్టి దీన్ని నిదానంగా చూడండి. మీసం కింది గీతను పెదవి మీద సరిచేసేటప్పుడు కత్తి రేకు మీసం మీదే పరుచుకుంటుంది. వెడల్పు పెరిగినకొద్దీ మీసం దాని కింద దాక్కుంటుంది. కనిపించని గీతను సరిగ్గా గీయడం చేయి తిరిగినవాళ్లకు తప్ప కుదరదు. 16 ముక్క పెట్టినప్పుడు మీసంలో సగమైనా కనబడుతోందా? 19 పెట్టినప్పుడు? దట్టమైన వెడల్పాటి మీసమైతే 19తో కూడా పని జరుగుతుంది. సన్నటి మీసమైతే 16 దాటొద్దు.

మూడోది కింది పెదవికీ గదవకీ మధ్య పల్లం. కొందరికి ఇది లోతుగా ఉంటుంది. కింది నుంచి పైకి గీసేటప్పుడు వెన్ను గదవ బుడిపెకు తగిలి, వాదర పల్లంలోకి దిగదు. మీ ముఖంలో అలా జరుగుతోందంటే సన్నటి కత్తి వైపు ఇంకో ఓటు పడినట్టే.

నాలుగోది గొంతు. ఇక్కడ నేను చెప్పేది కాస్త వింతగా అనిపించవచ్చు. కంఠమణి పక్కన ఇబ్బంది పెట్టేది వెడల్పు కాదు, పొడవు. మూడంగుళాల తిన్నని వాదర గుంట మీద వంతెనలా నిలబడిపోతుంది. దానికి మందు చర్మాన్ని పక్కకు లాగి చదును చేయడమే. కాబట్టి మీకు గొంతు దగ్గరే కష్టమైతే వెడల్పు తగ్గించి లాభం లేదు.

బుగ్గల మీద ఏ ముక్కైనా ఒకటే. అక్కడ చూసి నిర్ణయానికి రావొద్దు.

వెడల్పు ఎక్కువైతే వచ్చే మేలు

ఇంతసేపూ సన్న కత్తి తరఫునే మాట్లాడాను. వెడల్పు కత్తికీ తన బలం ఉంది. గీస్తున్నప్పుడు కోసిన వెంట్రుకలూ నురగా రేకు మీదికి చేరతాయి. 5/8 రేకు తొందరగా నిండి, నురగ వెన్ను దాటి వేళ్ల మీదికి కారుతుంది. రెండు మూడు గీతలకోసారి తుడుచుకోవాలి. 7/8 మీద ఒక బుగ్గ మొత్తం అయ్యేదాకా తుడవక్కర్లేదు. గుండు గీసుకునేవాళ్లు, నురగ ఒత్తుగా పట్టించుకునేవాళ్లు వెడల్పు కత్తిని ఇష్టపడేది ఇందుకే.

రెండో మేలు బరువు. బరువైన కత్తి చేతిలో తొణకదు, తన బరువుతో తానే దిగుతుంది, మనం నొక్కక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తెగ్గోసుకునేది ఎక్కువగా నొక్కడం వల్లే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అయితే అదే బరువు కొత్త చేతికి మలుపుల దగ్గర అదుపు తప్పిస్తుంది కూడా. రెండూ తూచి చూస్తే, మొదటి కత్తి 5/8 గానీ 6/8 గానీ ఉండాలన్నదే నా మాట. 7/8, 8/8 చేయి కుదిరాక తీసుకోవచ్చు. 4/8 మరీ తేలిక. అది గీతలు సరిచేయడానికి బాగుంటుంది, మొత్తం గడ్డానికి ఓపిక కావాలి.

పక్కలు ఎలా సానపట్టారో చూడండి

వెడల్పు ఒక్కటే చూసి కొంటే మోసపోతారు. రెండు 6/8 కత్తులు చేతిలో పెడితే ఒకటి ఈకలా, ఒకటి సుత్తిలా ఉండవచ్చు. తేడా పక్కల్లో ఉంటుంది.

పాత షెఫీల్డ్ కత్తులు చాలావరకు వెడ్జ్. వెన్ను నుంచి వాదర దాకా పక్కలు తిన్నగా, గొడ్డలి ముక్కలా ఉంటాయి. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాక షెఫీల్డ్‌కు మేలురకం ఉక్కు దొరికింది, అక్కడి కత్తులకు పేరొచ్చింది. 19వ శతాబ్దం చివరి భాగానికి సోలింగెన్ పనివాళ్లు కత్తి పక్కలను గుండ్రటి సానరాళ్ల మధ్య పెట్టి లోపలికి పల్లంగా అరగదీయడంలో ఆరితేరారు. దాన్ని హాలో గ్రైండ్ అంటారు. పల్లం లోతు కాస్త ఉంటే హాఫ్ హాలో, బాగా లోతైతే ఫుల్ హాలో. ఫుల్ హాలో రేకు వాదర దగ్గర ఎంత పలుచనంటే, గడ్డం గీస్తుంటే చిన్నగా మోగుతుంది. ఆ చప్పుడు నేర్చుకునేవాళ్లకు గురువు లాంటిది. వాలు సరిగ్గా ఉన్నప్పుడు ఒకలా, తప్పినప్పుడు ఇంకోలా వినిపిస్తుంది. ఫ్యాన్ ఆపేసి వినండి.

దీనికీ వెడల్పుకీ లింకు ఇదీ. ఫుల్ హాలోలో వెడల్పు పెరిగినకొద్దీ పలుచటి భాగం కూడా పెరుగుతుంది, రేకు వంగే గుణం ఎక్కువవుతుంది. అందుకే పెద్ద కత్తుల్లో కొందరు పనివాళ్లు రేకు మధ్యలో సన్నటి గట్టు వదిలిపెడతారు. వెడ్జ్‌లో దీనికి తలకిందులు. వెడల్పు పెరిగినకొద్దీ ఉక్కు పెరుగుతుంది, 8/8 వెడ్జ్ నిజంగా బరువైన వస్తువు. మూడు రోజులకోసారి గీసుకునే ముదురు గడ్డానికి తేలికపాటి 5/8 ఫుల్ హాలో కాస్త తడబడుతుంది. అలాంటివాళ్లు 6/8 హాఫ్ హాలో చూసుకోవాలి. రోజూ గీసుకునేవాళ్లకు, లేత గడ్డానికి 5/8 ఫుల్ హాలో హాయిగా ఉంటుంది.

వెన్ను మందం కొలవకుండా పాత కత్తి కొనొద్దు

ఈ భాగం తొందరగా చదివి దాటేయకండి. కత్తిని సాన మీద నూరేటప్పుడు వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనించే నూరతాం. అంటే పదును కోణం మన చేతిలో లేదు. వెన్ను మందం, వెడల్పు, ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి. వెడల్పును వెన్ను మందంతో భాగిస్తే మూడున్నర దగ్గర్లో రావాలి. అప్పుడు కోణం 16 డిగ్రీల పైచిలుకు ఉంటుంది, గడ్డానికి అది బాగా కుదురుతుంది. 5/8 కత్తికి వెన్ను 4.5 మి.మీ., 6/8కి 5.4, 7/8కి 6.3 ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

భాగహారం మూడుకు పడిపోతే కోణం 19 డిగ్రీలు దాటుతుంది. కత్తి మొద్దుగా లాగుతుంది. నాలుగుకు చేరితే 14 చిల్లర. కోస్తుంది, కానీ ఆ పలుచటి పదును తొందరగా చెదురుతుంది. వెన్ను అరిగిపోయి కోణం తగ్గిన కత్తిని పారేయనక్కర్లేదు. నూరేటప్పుడు వెన్ను మీద ఒక వరస కరెంటు టేపు చుడితే 5/8 కత్తికి దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. టేపు అరిగినప్పుడల్లా మార్చాలి, ఆ తర్వాత ఎప్పుడు నూరినా టేపుతోనే నూరాలి.

ఈ లెక్క తెలిశాక పాత కత్తి కథ మొత్తం కనిపిస్తుంది. 6/8గా పుట్టిన కత్తి దశాబ్దాలుగా నూరగా నూరగా 5/8 అయిపోయి ఉండవచ్చు. వెన్ను మీద రెండు వైపులా మెరిసే చదును పట్టీ చూడండి. సన్నగా, ఒకే వెడల్పున ఉంటే ఒద్దికగా వాడారన్నమాట. ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా ఉంటే నూరిన చేయి ఒకవైపే నొక్కింది. అలాంటి కత్తి పిడి దగ్గర ఒక కొలత, కొస దగ్గర ఇంకో కొలత చూపిస్తుంది. మొదటి కత్తిగా అది వద్దు.

కొలిచే తీరు

వెర్నియర్ కాలిపర్ ఉంటే వెన్ను మందానికి వాడండి. వెడల్పుకు మాత్రం కాలిపర్ దవడలను వాదరకు తగిలించొద్దు. ఉక్కు ఉక్కును తాకితే పదును అక్కడికక్కడే చెదురుతుంది. కత్తిని తెల్ల కాగితం మీద పక్కగా పడుకోబెట్టి, వెన్ను దగ్గర ఒక చుక్క, వాదరకు ఎదురుగా ఒక చుక్క సన్నటి పెన్సిలుతో పెట్టండి. కత్తి తీసేసి స్కేలుతో చుక్కల మధ్య దూరం కొలవండి. పిడి దగ్గర ఒకసారి, నడుమ ఒకసారి, కొస దగ్గర ఒకసారి. కొన్ని కత్తుల వాదర నవ్వుతున్నట్టు వంపుగా ఉంటుంది, అక్కడ నడుమ కొలతే అసలు కొలత. అమ్మేవాళ్లు దూరంగా ఉంటే స్కేలు పక్కన పెట్టి ఫొటో అడగండి. అడిగితే పంపనివాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

ఇక తేల్చుకోండి

మీసం ఉంది, ఇదే మొదటి కత్తి, రోజు విడిచి రోజు గీసుకుంటారు: 5/8, ఫుల్ హాలో లేదా హాఫ్ హాలో, కొస గుండ్రంగా ఉన్నది. నా మాట విని ఒక్కటే కొనుక్కునేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

మీసం లేదు, ముక్కు కింద చోటు బాగానే ఉంది, గడ్డం ముదురు: 6/8 హాఫ్ హాలో. శుభలేఖ పరీక్షలో 19 ముక్క ఎక్కడా అడ్డం రాకపోతే అనుమానం పెట్టుకోవద్దు.

గడ్డం పెంచి, బుగ్గల మీదా మెడ కిందా గీతలు మాత్రమే సరిచేసుకునేవాళ్లకు 4/8 లేదా 5/8 చాలు. ఇలాంటివాళ్లు చేయి కుదిరాక కొస చదరంగా ఉన్న కత్తి చూసుకోవచ్చు, మూలతో గీత నిక్కచ్చిగా వస్తుంది. కొత్తవాళ్లు మాత్రం ఆ మూలకు దూరంగా ఉండాలి. చెవి తమ్మె, ముక్కు పక్క, ఎక్కడైనా దిగిపోతుంది. గుండు కోసమైతే 6/8 గానీ 7/8 గానీ.

రెండిటి మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదాని వైపే వెళ్లండి. 5/8తో చేయలేని పని ముఖం మీద ఏదీ లేదు, తుడుచుకోవడం ఒక్కటే ఎక్కువ.

వచ్చాక మొదటి వారం

తోలుపట్టీ మూడంగుళాల వెడల్పుదైతే కత్తి పొడవంతా ఒకేసారి ఆనుతుంది. రెండంగుళాలదైతే ముందుకు తోస్తూ కాస్త పక్కకు కూడా జరపాలి, లేకపోతే ఒక చివర పదును మిగతా రేకుతో సమంగా ఉండదు. పట్టీ మీద ఎప్పుడూ వెన్ను ముందు, వాదర వెనక. మొదటి రోజు ఒక బుగ్గ మాత్రమే కత్తితో గీసి, మిగతాది మీ పాత రేజరుతో కానిచ్చేయండి. రెండు మూడు రోజులకు రెండో బుగ్గ, ఆ తర్వాత మెడ. ముక్కు కింద, గదవ పల్లం చివరికి. మొదటి వారమంతా వెంట్రుకల వాలులోనే గీయండి, ఎదురు గీయడం తర్వాత చూసుకోవచ్చు. పటిక ముక్క తడిపి దగ్గర పెట్టుకోండి.

విజయవాడలోనో విశాఖలోనో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఈ కత్తుల్లో ఎక్కువ భాగం కార్బన్ ఉక్కు. ఉక్కపోత గాలికి ఒక్క రాత్రిలో తుప్పు చుక్క పడుతుంది. గీసుకున్నాక మెత్తటి గుడ్డతో తుడిచి, పిడి మడిచే సందులో కూడా తడి తీసి, కాసేపు తెరిచి ఆరనివ్వండి. రెండు మూడు రోజులు వాడకపోతే ఒక చుక్క కుట్టుమిషను నూనె రేకు మీద రాయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురు పడుతుంది. స్నానాల గదిలో దాచొద్దు.

విదేశం నుంచి బంధువులతో తెప్పించుకుంటుంటే, కత్తిని చెకిన్ సామానులోనే పెట్టమని ముందే చెప్పండి, చేతిసంచిలో ఉంటే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఆ శుభలేఖ ముక్కల మీద కొలతలు రాసి డ్రాయరులో ఉంచండి. రెండో కత్తి కొనే రోజు వచ్చేసరికి మీ చేయి మారి ఉంటుంది, 22 ముక్కను అప్పుడు మళ్లీ ముక్కు కింద పెట్టి చూసుకోండి.